రిపోర్టు ఇచ్చి ఏడాదైంది, ఒక్క కాగితమూ కదల్లేదు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ప్రజారోగ్యం మీద పీహెచ్‌డీ చేశాను. బస్తీ దవాఖానాల చుట్టూ మూడేళ్లు తిరిగాను. అవి పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగుకు మూసేస్తారు. దానివల్ల కూలికీ, ఇళ్లల్లో పనికీ పోయే ఆడవాళ్లు రాలేకపోతున్నారని నా పరిశోధనలో తేలింది. బోరబండలో ఒకామె ఇలా చెప్పింది: "దవాఖాన తెరిసే యాళ్లకు మేం అడ్డా మీదుంటం మేడం. మేం ఇంటికొచ్చే యాళ్లకు తాళం ఏస్తరు." రిపోర్టు అచ్చువేసి, హోటల్లో సదస్సు పెట్టాం. ఒక పెద్ద ఆఫీసర్ వచ్చి చాలా బాగుందన్నారు, శాలువా కప్పించుకున్నారు, ఫొటో దిగారు. ఏడాదైంది. ఫోన్ చేస్తే పీఏ "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటారు. ఇప్పుడు ఆ సార్ కూడా బదిలీ అయిపోయారు. మా గైడేమో "నీ పని పేపర్లు రాయడం, మిగతాది వాళ్లు చూసుకుంటారు" అంటారు. మనలాంటి దేశాల్లో పరిశోధన వల్ల ప్రభుత్వ విధానం మారడం అసలు జరుగుతుందా? సిఫారసు లేనివాళ్లు ఏం చేయాలి?
(ఒక పరిశోధకురాలు, హైదరాబాద్)

జవాబు: జరుగుతుంది. ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, తార్నాక దాకా వెళ్తే చాలు.

అక్కడున్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. చిన్నపిల్లల కళ్లు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్న 1960ల్లో అక్కడి శాస్త్రవేత్తల ముందు ఉండేది. విటమిన్ ఎ తక్కువైతే మొదట రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగుడ్డు మీది పొర మెత్తబడి చూపే పోతుంది. ఈ విటమిన్‌ను కాలేయం నిల్వ చేసుకుంటుంది కాబట్టి రోజూ ఇవ్వక్కర్లేదు. పెద్ద డోసు ఒకేసారి నోట్లో పోస్తే నెలల తరబడి సరిపోతుందని ఊళ్లలో పరీక్షించి చూశారు. 1970లో అది, ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల డోసుగా, జాతీయ కార్యక్రమమైంది. మీ చిన్నప్పుడు మీ నోట్లోనూ ఏఎన్ఎం చెంచాతో పోసే ఉంటుంది.

ఆ పరిశోధన చివరికి ఏం చేతికిచ్చిందో చూడండి. ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లకోసారి, ఎవరి చేత. కొత్త భవనం అడగలేదు, కొత్త పోస్టులు అడగలేదు. అప్పటికే ఊళ్లు తిరుగుతున్న ఆరోగ్య కార్యకర్త సంచిలో ఇంకో సీసా పడితే చాలు. వింటూనే ఉత్తర్వుగా టైపు చేసుకోగలిగిన జవాబు అది.

ఇప్పుడు మీరు పంపిన రిపోర్టు చివరి పేజీకి వద్దాం. "సేవల సమయాలను సమీక్షించాలి. వివిధ శాఖల మధ్య సమన్వయాన్ని పెంపొందించాలి. మహిళల అవసరాలకు అనుగుణమైన దృక్పథాన్ని అలవరచుకోవాలి." తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు, సంతకం పెట్టడానికి కూడా ఏమీ లేదు. ఆ ఆఫీసర్ మీద కోపం తెచ్చుకోకండి. ఆయనకు నిజంగానే నచ్చి ఉండొచ్చు. నచ్చాక రేపు పొద్దున ఆఫీసుకెళ్లి ఏ కాగితం మీద ఏం రాయాలో మీ రిపోర్టు చెప్పలేదు.

మీ కవరింగ్ లెటర్ "ప్రభుత్వానికి" అని మొదలవుతుంది. ఆ పేరుతో ఎవరూ ఏ సీట్లోనూ కూర్చోరు. దవాఖాన టైమింగ్స్ మారాలంటే ఎవరి సంతకం కావాలి? అక్కడి డాక్టరుకు ఆ అధికారం లేదు. జిల్లా వైద్యాధికారి సర్దుబాటు చేయాలన్నా పైనుంచి కాగితం లేకుండా చేయరు. నిర్ణయం కమిషనరేట్‌లోనో, ఆరోగ్యశాఖ కార్యదర్శి దగ్గరో జరగాలి. సిబ్బంది కాంట్రాక్టు వాళ్లయితే పనిగంటల షరతులు ఏమున్నాయో చూడాలి. భవనం చాలాచోట్ల కార్పొరేషన్ వాళ్ల కమ్యూనిటీ హాలు. రాత్రి ఎనిమిది దాకా తెరవాలంటే తాళం ఎవరి దగ్గరుండాలి, వీధిదీపం వెలుగుతుందా, నర్సు ఇంటికి ఎలా వెళ్తుంది? ఒక్క రూపాయి అదనంగా కావాలన్నా ఫైలు ఆర్థికశాఖకు పోతుంది. అక్కడ వాళ్లు "కన్‌కరెన్స్", అంటే సమ్మతి, ఇవ్వాలి. చాలా ఫైళ్లు అక్కడే ముసలివైపోతాయి.

ఫైలు నడిచే తీరు కొంచెం దగ్గరగా చూడండి, ఎందుకంటే మీ యూనివర్సిటీలో ఇది ఎవరూ చెప్పరు. కమిషనరేట్ నుంచి ప్రపోజల్ సచివాలయానికి వస్తుంది. సెక్షన్లో ఒక ఏఎస్ఓ (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) దాన్ని తెరిచి నోట్ రాయడం మొదలుపెడతారు. ఇప్పుడంతా ఈ-ఆఫీస్, దారం కట్టిన ఫైళ్లు తగ్గాయి, కానీ నోట్ పద్ధతి మాత్రం పాతదే. విషయం ఏమిటి, ఇంతకుముందు ఈ విషయం మీద ఏ ఉత్తర్వులున్నాయి, ఇప్పుడు ఏం అడుగుతున్నారు, ఖర్చెంత, ఏ పద్దు నుంచి, రూల్సు ఒప్పుకుంటాయా. చివర్లో "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది". ఆ నోట్ ఒక్కో మెట్టు ఎక్కుతూ కార్యదర్శి దాకా, అవసరమైతే మంత్రి పేషీ దాకా పోతుంది. పైన కూర్చున్నవాళ్లు సాధారణంగా కింద రాసిన నోట్‌నే చదువుతారు, జతచేసిన రిపోర్టును తెరవరు. కాబట్టి మీ పరిశోధన ఆ ఏఎస్ఓ నోట్‌లోకి ఎక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆయన ముందు ఆ పూట ఫైళ్లు గుట్టగా ఉంటాయి. మీ లావుపాటి రిపోర్టు ఆయనకు ఇంకో తలనొప్పి. అదే నోట్ ఏ వరుసలో రాస్తారో ఆ వరుసలోనే రాసిన పేజీన్నర కాగితం చేతికి వస్తే సగం పని అయిపోయినట్టే. కాపీ కొట్టుకోనివ్వండి. మీ పేరు ఎక్కడా లేకుండా మీ వాక్యం మెమోలో కనిపించిన రోజు ఇంట్లో పాయసం వండుకోండి. ఈ పనిలో అంతకంటే పెద్ద అవార్డు ఎవరూ ఇవ్వరు.

ఆ పేజీన్నరలో ఎక్కువ విలువైన పేరా "ఇంతకుముందు" అన్నది. ఆఫీసుల్లో కొత్త ఆలోచనంటే టెన్షన్, పాత ఉత్తర్వంటే ధైర్యం. మీకు అనుకూలంగా పాతవి ఉన్నాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పట్టణ పీహెచ్‌సీల్లో సాయంత్రం ఓపీ ఉండాలన్న ఆలోచనతోనే వచ్చింది. మన బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. 2022లో వాటి వారపు సెలవును ఆదివారం నుంచి శనివారానికి మార్చారు. అంటే జనం వీలు చూసి టైం మార్చడం ఈ శాఖకు తెలియని పని కాదు. ఆ ఉత్తర్వు కాపీ సంపాదించి మీ కాగితానికి జతచేయండి.

మీ రిపోర్టులో ఉన్న పెద్ద చిల్లు కూడా ఇక్కడే ఉంది. ఆదివారం సంగతి మీరు ఎక్కడా ఎత్తలేదు. ఏ ఆఫీసరైనా మొదట అడిగేది అదే: "ఆదివారం తెరిచే ఉంటున్నాయి కదమ్మా, అప్పుడు రావచ్చు కదా?" ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆదివారం సెలవు ఉండదనీ, ఆ రోజు అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి గిన్నెలు ఇంకా ఎక్కువ పడతాయనీ మీకు తెలుసు. ఆయనకు తెలియదు. మీ ఇంటర్వ్యూల్లో అది ఉంటే బయటికి తీయండి. లేకపోతే మళ్లీ బస్తీకి వెళ్లి అడగండి. ఏ దవాఖాన ఇప్పుడు ఏ రోజు ఏ టైముకు నిజంగా తెరుస్తున్నారో కూడా కళ్లతో చూసి రండి. కాగితం మీది టైమింగ్స్ పట్టుకుని వాదించి, అవతలివాళ్ల ఒక్క ఫోన్‌తో తేలిపోతే మళ్లీ ఆ గదిలోకి పిలవరు.

ఇదంతా చేస్తే కదులుతుందా? కదలకపోవచ్చు. నల్లగొండ కథే చూడండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ నీళ్ల సంగతీ దశాబ్దాలుగా తెలిసిందే. నాగపూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతి కనిపెట్టారు. దాని పేరే "నల్లగొండ టెక్నిక్", ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. నల్లగొండ పల్లెల్లో మాత్రం నిలవలేదు. రోజూ పటిక ఎవరు కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలి, ఆపరేటరుకు జీతం ఎవరివ్వాలి అన్నవి ప్రయోగశాలలో వచ్చే ప్రశ్నలు కావు.

చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానంలో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకం సైజైంది. ఎముకలు వంగిపోయిన మనుషుల గురించి అన్నేళ్లు డాక్టర్లు రాసిన దాన్ని ఆ బ్యాలెట్ పుస్తకం దేశానికి వినిపించింది. ఫ్లోరైడ్ మీద పనిచేసిన పరిశోధకుల శ్రమ వృథా అని నేననను. వాళ్ల లెక్కలు లేకపోతే ఆ ఉద్యమానికి చేతిలో ఆధారం ఉండేది కాదు. కానీ ఆ లెక్కలు ఆఫీసుల గుమ్మాల దగ్గరే ఎంతకాలం కూర్చున్నాయో చూడండి.

మీరు ధర్నాకు కూర్చోనక్కర్లేదు. మీరు ఎవరి గురించి రాశారో వాళ్లకు మాత్రం మీరేం రాశారో తెలియాలి. మీ రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంది. బోరబండ ఆమెకు అందులో ఒక్క ముక్క తెలియదు. తెలుగులో రెండు పేజీలు, ఉర్దూలో రెండు పేజీలు వేయించండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల సంఘాలు నగరంలో ఉన్నాయి, మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలున్నాయి, ఆశాలున్నారు. వాళ్ల మీటింగుల్లో పది నిమిషాలు అడిగి చదివి వినిపించండి. వాళ్లు రేపు ఎమ్మెల్యే దగ్గరికి పోయి "సాయంత్రం తెరవండి" అని అడిగితే, ఆ ఎమ్మెల్యే శాఖకు ఫోన్ చేస్తే, అప్పుడు సెక్షన్లో ఉన్న మీ పేజీన్నరకు ప్రాణం వస్తుంది. రాజకీయ నాయకులను కలవాలా అని మీరు భయపడొచ్చు, ఈ దారిలో కలిస్తే ఏ తప్పూ లేదు. ఒక్క పార్టీ వాళ్లనే కలవకండి, అంతే.

పరిశోధన ఒక్కటే చేయగల పని ఇంకోటి ఉంది: నోరు లేనివాళ్లను లెక్కలోకి తేవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఆ పద్ధతిని పరీక్షించారు. 8 జిల్లాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కార్డులొచ్చిన మండలాల్లో డబ్బు త్వరగా అందింది, మధ్యలో కాజేయడం తగ్గింది.

అయినా 2013 ప్రాంతంలో ఈ పద్ధతిని ఎత్తేద్దామన్న ఆలోచన ప్రభుత్వంలో నడిచిందని ఆ పరిశోధకులే రాశారు. ఎందుకంటే పై దాకా చేరే కబుర్లన్నీ ఫిర్యాదులే. మధ్యలో చేతులు తడుపుకునే దారి మూసుకుపోయినవాడు పోయి లీడర్‌తో చెప్పుకోగలడు. పింఛన్ సాఫీగా అందుతున్న ముసలమ్మ జూబ్లీహిల్స్ దాకా వచ్చి "బాగుంది నాయనా" అని చెప్పదు. లబ్ధిదారుల్లో పదిమందికి తొమ్మిదిమంది కొత్త పద్ధతే నయమన్నారని సర్వేలో తేలింది. కార్డులు నిలబడటానికి ఆ అంకె పనికొచ్చింది. మీ బోరబండ ఆమె కూడా ఆ ముసలమ్మ లాంటిదే. దవాఖానాకు వచ్చినవాళ్ల రిజిస్టరు అందరి దగ్గరా ఉంది, రానివాళ్ల లెక్క మీ ఒక్కరి దగ్గరే ఉంది. మాట్లాడే అవకాశం దొరికితే అక్కడినుంచే మొదలుపెట్టండి.

అలాగని మంచి అంకె ఎప్పుడూ గెలవదు. అదే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి ఉమ్మడి రాష్ట్రంలోని 300 ప్రభుత్వ బడులు తీసుకుని, 200 బడుల్లో పిల్లలు బాగా నేర్చుకుంటే టీచర్లకు చిన్న బోనస్ ఇచ్చి, మిగతా 100 బడులతో పోల్చి చూశారు. మార్కులు పెరిగాయి. ఆ అధ్యయనం 2011లో ఆర్థికశాస్త్రంలో అతి పెద్ద పేరున్న పత్రికల్లో ఒకదాంట్లో వచ్చింది. బోనస్ మాత్రం రాష్ట్రమంతా రాలేదు. ఉపాధ్యాయ సంఘాల బలం తెలిసిన మనకు కారణాలు ఊహించుకోవడం కష్టం కాదు. విధానం మారకపోతే పరిశోధన తక్కువదని అనుకోకండి.

పొరుగున బంగ్లాదేశ్‌లో పని చాలా వేగంగా అయిన కేసు ఒకటుంది. పసుపు మన వంటింటి వస్తువు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. అక్కడ పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందని ఢాకాలోని ఆరోగ్య పరిశోధన సంస్థ ఐసీడీడీఆర్‌బీ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు వెతుక్కుంటూ పోతే చివరికి పసుపు కొమ్ముల దగ్గర తేలింది. కొమ్ములు నిగనిగలాడాలని పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు కలుపుతున్నారు. 1980ల్లో వరదలకు తడిసి రంగు పోయిన పసుపును అమ్ముకోవడానికి మొదలైన అలవాటట. పరిశోధకులు పేపరు అచ్చువేసి ఊరుకోలేదు. ఆహార భద్రతా సంస్థ దగ్గర కూర్చున్నారు, పత్రికలకు చెప్పారు. అధికారులు సీసాన్ని అక్కడికక్కడే పట్టే చేతి యంత్రంతో ఢాకా టోకు మార్కెట్లోకి దిగి, దొరికినవాళ్లకు జరిమానా వేశారు. మార్కెట్లో కల్తీ పసుపు నమూనాలు 2019లో 47 శాతం. 2021లో సున్నా.

అక్కడ అంత త్వరగా ఎందుకైంది? చట్టం అప్పటికే ఉంది, చేయాల్సిన సంస్థ ఉంది, దోషం కంటికి చూపించే యంత్రం ఉంది, పసుపు తినని ఓటరు లేడు. మీ సమస్యకు ఈ నాలుగింట్లో రెండే ఉన్నాయి. సంస్థ ఉంది, బాధపడే జనం ఉన్నారు. కంటికి చూపించేది లేదు. అది మీరే తయారుచేయాలి.

ఎలాగంటే, నగరమంతా సాయంత్రం తెరవమని అడగకండి. ఆ అడగడంతోనే ఆర్థికశాఖ తలుపు మూసుకుంటుంది. కొన్ని దవాఖానాలు, మూడు నెలలు, పన్నెండు నుంచి రాత్రి ఏడు దాకా. గంటలు అవే, జరిగేది టైం ఒక్కటే. కొత్త పోస్టు లేదు, ఖర్చు దాదాపు లేదు. ఏ బస్తీలో అన్నది చీటీ తీసి తేల్చండి, లేకపోతే "మంచి డాక్టరున్న చోట పెట్టుకున్నారు" అంటారు. టైం మార్చిన చోట, మార్చని చోట ఎంతమంది ఆడవాళ్లు వచ్చారు, పొద్దున వచ్చే ముసలివాళ్లు ఎంతమంది తగ్గారు, రెండూ లెక్కపెట్టండి. రెండోది మరిచిపోకండి. పొద్దున బీపీ గోలీలకు వచ్చే తాతల నోట్లో మట్టికొట్టి కూలివాళ్లకు మేలు చేస్తే అదింకో రిపోర్టవుతుంది.

ఇలాంటి చిన్న పరీక్షలు మన రాష్ట్రంలో జరిగినవే. 2018లో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, కాల్ సెంటర్ నుంచి రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటామని కొందరు వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. చెప్పిన చోట చెక్కులు అందినవాళ్లు కొంచెం పెరిగారు. పెరుగుదల చిన్నదే, కానీ ఫోన్ల ఖర్చు అంతకంటే చిన్నది. ఆఫీసర్లకు ఇష్టమైన లెక్క ఇదే. ఎంత ఖర్చుకు ఎంత పని.

సిఫారసు గురించి అడిగారు. పెద్దల ఫోన్ కాల్ అపాయింట్‌మెంట్ ఇప్పిస్తుంది, అంతకుమించి ఇప్పించదు. ఐఏఎస్‌లు మారుతుంటారు. జాయింట్ డైరెక్టర్లు, సూపరింటెండెంట్లు, ప్రోగ్రాం ఆఫీసర్లు, ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్)లో కన్సల్టెంట్లు అక్కడే ఉంటారు. మీ సదస్సులో శాలువాలన్నీ స్టేజీ మీద ఉన్నవాళ్లకే పోయాయి, హాల్లో మూడో వరుసలో కూర్చున్న ప్రోగ్రాం ఆఫీసరు పేరు మీకు గుర్తుందా? ఆయన ఇంకా అదే సీట్లో ఉండి ఉంటారు. ఆయనతో టీ తాగండి. అసెంబ్లీ నడిచేటప్పుడు ఎమ్మెల్యేల ప్రశ్నలు శాఖలకు వస్తాయి, వాటిని "ఎల్ఏక్యూ" అంటారు. సాయంత్రానికల్లా జవాబు పంపమంటారు. ఆ రోజు ఆఫీసులో అందరూ అంకెల కోసం పరుగెడుతుంటారు. అలాంటప్పుడు మీకు ఫోన్ చేస్తే గంటలో నిజమైన అంకె, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి మరీ ఇవ్వండి. తెలియకపోతే తెలియదనండి. ఇలా కొన్నిసార్లు ఆదుకున్నాక మీ కాగితాన్ని వాళ్లే పైకి తీసుకెళ్తారు. వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు శరదృతువులోనే తయారవుతాయి. ఫిబ్రవరిలో వెళ్లి డబ్బు అడిగితే నవ్వుతారు.

ఇంకో దారి శిక్షణ సంస్థలు. బెల్లావిస్టాలోని ఆస్కీకి, జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి కేంద్రానికి ఆఫీసర్లు శిక్షణకు వస్తారు. అక్కడ ఒక్క క్లాసు చెప్పే అవకాశం వస్తే వదలకండి. సొంత ఆఫీసులో నిమిషం దొరకని మనిషి అక్కడ గంటన్నర కుర్చీలో కూర్చుని వింటారు, అడుగుతారు, లంచ్‌లో తన ఇబ్బందులు కూడా చెప్తారు. మీ పరిశోధనలో లేని సగం సంగతులు ఆ లంచ్‌లోనే తెలుస్తాయి.

రెండు జాగ్రత్తలు. శాఖతో ఒప్పందం రాసుకుంటే ఫలితం ఎలా వచ్చినా ప్రచురించుకునే హక్కు అందులో ఉండాలి. "అనుమతి లేనిదే ప్రచురించరాదు" అన్న లైను చాలా ఒప్పందాల్లో ఊరికే దొర్లిపోతుంది. చదివి, మార్పించి, అప్పుడు సంతకం పెట్టండి. సాయంత్రం ఓపీ పనిచేయలేదని తేలితే అది కూడా చెప్పగలగాలి. విటమిన్ ఎ కార్యక్రమం వెనకున్న శాస్త్రవేత్తల్లో పెద్దాయన సి. గోపాలన్ గారే, తీవ్రమైన లోపం తగ్గిపోయాక కూడా అందరు పిల్లలకూ డోసు పోస్తూ పోవడాన్ని తర్వాతి కాలంలో విమర్శించారు. ఆ మాట అనగలిగే చోటు మీకూ మిగలాలి.

రెండోది దవాఖాన సిబ్బంది గురించి. పత్రికల సిటీ పేజీకి మీ కథ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, మంచిదే. కానీ ఏ బస్తీ, ఏ డాక్టర్, ఏ టైముకు తాళం వేశారు అన్నవి రాకుండా చూడండి. రిపోర్టరుకు అదే కావాలి, "నాలుగు కాకముందే తాళం" అని హెడ్డింగ్ పెడతారు. మర్నాడు ఆ నర్సుకు మెమో వస్తుంది, టైమింగ్స్ మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత ఏ దవాఖానలోనూ మీకు కుర్చీ వేయరు.

మీ గైడ్ గారు చెప్పింది కొట్టిపారేయకండి. పేపరు అచ్చయితే "ఇది ఎవరు పరీక్షించారు?" అన్న ప్రశ్నకు జవాబుంటుంది, మీ ఉద్యోగానికీ అది కావాలి. పేపరు ఇంగ్లిష్‌లో రాయండి, పేజీన్నర ఆఫీసు భాషలో రాయండి, బస్తీకి రెండు పేజీలు వాళ్ల భాషలో రాయండి. మూడూ ఒకే డేటా.

కొత్త ఆఫీసరు అపాయింట్‌మెంట్ అడగడానికి ముందు ఇంకొక్కటి కనుక్కోండి. బస్తీ దవాఖానాల్లో తీసిన రక్తం శాంపిళ్లు పరీక్షల కోసం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పోతాయి. వాటిని తీసుకెళ్లే బండి ఏ టైముకు వస్తుందో, సాయంత్రం ఇంకో ట్రిప్పు వేయగలదో లేదో మీ రిపోర్టులో లేదు. సాయంత్రం వచ్చినామె రక్తం ఆ రాత్రి ఎక్కడుండాలి, ఫ్రిజ్ ఉందా, మర్నాటి బండికి పంపితే ఏ పరీక్షలు చెడతాయి? ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగితే పది నిమిషాల్లో చెప్తారు. మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా ఇదే అడుగుతారు. జవాబు తెలిశాక పేజీన్నరలో ఆ ముక్క చేర్చి నాకు పంపండి, చూసి పెడతాను.